అక్యూట్: ఒకే రోజు రెండు కాగితాల మీద కనబడింది, అసలు అర్థం ఏంటి?

వేళచ్చేరి_వేణు | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఈ వేదికలో చదివి వెళ్ళిపోయే బాపతు నేను. ఇవాళ మాత్రం అడక్క తప్పడం లేదు.

నాన్న పోయిన వారం నెల్లూరు నుంచి వచ్చారు. మూడు రోజులుగా కడుపు నొప్పి, తిన్నది ఇమడటం లేదు. ఇక్కడే చెన్నైలో ఓ ఆస్పత్రికి తీసుకెళ్తే ఏవో పరీక్షలు చేసి కాగితం చేతిలో పెట్టారు. దాని మీద "అక్యూట్ గ్యాస్ట్రైటిస్" అని ఉంది. మందులు రాసి, ఐదు రోజుల తర్వాత రమ్మని రెండు నిమిషాల్లో పంపేశారు. ఆటోలో నాన్న ఆ కాగితం మడుస్తారు, విప్పుతారు, మళ్ళీ మడుస్తారు. చివరికి, "అక్యూట్ అంటే ముదిరిపోయిందనేగా రా?" అన్నారు. ఫోన్లో తెలుగులో వెతికి చూపిస్తే సరిపోతుందనుకున్నాను. అక్కడేమో "తీవ్రమైన" అని వచ్చింది. అంతే, రాత్రి మజ్జిగన్నం కూడా వద్దన్నారు.

ఇంటికొచ్చేసరికి పాప లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంది, ఏడో క్లాసు. "నాన్నా, నలభై డిగ్రీల అక్యూట్ యాంగిల్ గీయాలి, ప్రొట్రాక్టర్ ఎక్కడ పెట్టావ్?" అంది. తమిళంలో దాన్ని కుఱుంగోణం అంటారట. కుఱు అంటే చిన్నదేగా.

ఇప్పుడు నా బాధ ఏంటంటే, తాతకి వచ్చిన అక్యూట్ తీవ్రం, మనవరాలికి వచ్చిన అక్యూట్ చిన్నది. ఒకే మాట ఇట్లా రెండు పక్కలకీ ఎట్లా లాగుతుంది? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

పెరంబూరు_పిల్లోడు | శనివారం, రాత్రి 9:52

అన్నా, మొదట నాయనకు అన్నం పెట్టు. నాకు తెలిసి అక్యూట్ అంటే షార్ప్. అంతే కదా? దానికి ఇంత రామాయణం ఎందుకప్పా.

స్టెతస్కోపు | శనివారం, రాత్రి 10:15

వేణుగారూ, జనరల్ మెడిసిన్‌లో పాతికేళ్ళుగా ఉన్నాను కాబట్టి వైద్యం సంగతి నేను చెబుతాను, భాష సంగతి మన పాత_నిఘంటువు మాస్టారు చూసుకుంటారు.

మా వాడకంలో అక్యూట్ అనేది జబ్బు ఎంత పెద్దదో చెప్పే మాట కాదు. ఎప్పుడు మొదలైంది, ఎంత వేగంగా వచ్చింది అన్నదే అది చెబుతుంది. నిన్న మొన్న వచ్చి, తొందరగా పైకి లేచి, ఆపైన ఎటో ఒకవైపు తేలిపోయేది అక్యూట్. ఏళ్ళ తరబడి కూడా ఉండేది క్రానిక్. మామూలు జలుబు అక్యూటే. గుండెపోటూ అక్యూటే. ఇవి రెండూ ఒక బరువు కావు కదా! షుగరూ బీపీ క్రానిక్. ఎంత బరువన్నది చెప్పాలంటే మైల్డ్, మోడరేట్, సివియర్ అని వేరే మాటలు పక్కన రాస్తాం. మీ నాన్నగారి కాగితంలో సివియర్ అని ఉందా? లేకపోతే ఊరికే బెంగ పెట్టుకోవద్దనండి.

లెక్క కావాలంటే దగ్గు తీసుకోండి. పెద్దవాళ్ళలో మూడు వారాల లోపు ఉంటే అక్యూట్, ఎనిమిది వారాలు దాటితే క్రానిక్, మధ్యలో ఉన్నది సబ్‌అక్యూట్. విరేచనాలైతే 14 రోజుల దాకా అక్యూట్. అంతా క్యాలెండరు వ్యవహారం.

అట్లాగని అక్యూట్ అంటే ఏం కాదులే అని వదిలెయ్యకూడదు. నొప్పి పెరిగినా, వాంతిలో నెత్తురు కనబడినా, మలం తారులా నల్లగా వచ్చినా ఐదు రోజులు ఆగకుండా అప్పుడే తీసుకెళ్ళండి.

వేళచ్చేరి_వేణు | శనివారం, రాత్రి 10:31

లేదండీ, సివియర్ అని ఎక్కడా లేదు. మూడుసార్లు చూశాను. ఈ ముక్క నాన్నకి చదివి వినిపించాను. "ఆ డాక్టరు అక్కడే చెప్పి ఉంటే ఏం పోయె?" అన్నారు. మజ్జిగన్నం రెండు ముద్దలు తిన్నారు. చాలా థాంక్సండీ.

పాత_నిఘంటువు | ఆదివారం, ఉదయం 6:20

వేణూ, మంచి ప్రశ్న వేశావు. రిటైరయ్యాక తెల్లారుజామునే మెలకువ వస్తుంది, ఏం చెయ్యాలో తోచదు. ఇవాళ పని దొరికింది.

లాటిన్‌లో ఆకుస్ అంటే సూది. దానికి చుట్టం అకూతుస్, అంటే మొన తేలినది, పదును పెట్టినది. అదే ఇంగ్లీషులోకి వచ్చి అక్యూట్ అయింది. కనక పెరంబూరు అబ్బాయి చెప్పిన షార్ప్ సరైనదే, కాకపోతే అది మొదటి మెట్టు.

తమాషా ఏమిటంటే, ఇంగ్లీషులోకి ఈ మాట కోణం పట్టుకుని రాలేదు, జ్వరం పట్టుకుని వచ్చింది. 14వ శతాబ్దం చివర్లో జబ్బుల గురించి వాడారు. కోణానికి వాడడం 16వ శతాబ్దంలో మాట. అంటే వయసులో కూడా తాతదే ముందు, మనవరాలిది తర్వాత!

రెండిటికీ మూలం గ్రీకులో ఉంది. ఆక్సుస్ అంటే వాళ్ళకి వాడి అయినది. అదే మాటకి చురుకైనది, వేగం కలది అనే అర్థమూ ఉంది. వాళ్ళ వైద్యులు హిప్పోక్రటీస్ కాలం నుంచీ వేగంగా వచ్చే జబ్బుని ఆ మాటతోనే పిలిచారు. క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ లంబకోణం కన్నా తక్కువైన కోణాన్నీ ఆ మాటతోనే పిలిచాడు. ఎక్కువైన దాన్ని మొద్దుకోణం అన్నాడు. ఇంగ్లీషు ఆబ్ట్యూస్ కూడా అదే, లాటిన్‌లో కొట్టి కొట్టి మొండి చేసినది అని. క్రానిక్‌లో ఉన్నది క్రోనోస్, కాలం. చూశావా, ఒకటి వాడి, ఒకటి కాలం. డాక్టరుగారు చెప్పిందానికీ దీనికీ తేడా లేదు.

కాబట్టి వాళ్ళ లెక్కలో కోణం చిన్నది కావడం వల్ల దానికా పేరు రాలేదు. దాని మూల గుచ్చుకుంటుంది కాబట్టి వచ్చింది. పాపని అట్టముక్క మీద నలభై డిగ్రీలది ఒకటి, నూట ముప్ఫై డిగ్రీలది ఒకటి కత్తిరించి, కళ్ళు మూసుకుని రెండు మూలలూ బొటనవేలితో తడమమను. ఇంకేమీ చెప్పక్కర్లేదు.

అనువాదిని | ఆదివారం, ఉదయం 8:05

మాస్టారూ, మరి మన తెలుగులో ఆ గుచ్చుకోవడం ఏమైపోయింది? మేం బళ్ళో చదివింది లఘుకోణం, గురుకోణం. ఇప్పటి పుస్తకాల్లో అల్పకోణం, అధికకోణం అని చూశాను. ఎందులోనూ వాడి లేదు, మొద్దు లేదు. అంతా చిన్నా పెద్దా వ్యవహారమే. తమిళంలోనూ అంతే, కుఱుంగోణం, విరికోణం: కురచది, విచ్చుకున్నది.

శ్రీలంక తమిళులు మాత్రం కూర్ంగోణం అంటారు. కూర్ అంటే వాడి. ఇంచుమించు ఒక్క దీర్ఘం తేడాతో వాళ్ళు గ్రీకుల పక్కన కూర్చున్నారు, ఇక్కడివాళ్ళు మన పక్కన.

పాత_నిఘంటువు | ఆదివారం, ఉదయం 8:40

అమ్మా, శ్రీలంక సంగతి భలే పట్టావు.

మనవాళ్ళని మాత్రం తక్కువ చెయ్యకు. లఘు, గురు ఎక్కడివి? ఛందస్సులోవి. తేలిక, బరువు. పద్యం తూచే రాళ్ళు తెచ్చి కోణాలకి వేశారు. అటు పాశ్చాత్యులు చేసిందీ చూడు. అక్షరం నెత్తిన కుడివైపు పైకి లేచే గీత అక్యూట్ యాక్సెంటు. ఎడమవైపుది గ్రేవ్ యాక్సెంటు. గ్రేవ్ అంటే బరువు! వాళ్ళు స్వరంలో వాడిని, బరువుని ఎదురెదురుగా పెట్టారు. మనం కోణంలో తేలికని, బరువుని పెట్టాం. నాకైతే లఘుకోణమే ఇష్టం, అల్పకోణం అంటే ఏదో నీచంగా వినబడుతుంది. ఇది నా చాదస్తం అనుకో.

పెరంబూరు_పిల్లోడు | ఆదివారం, ఉదయం 9:30

మాస్టారూ, నాకొక డౌటు. మా ఆఫీసులో ఒకడు అంటాడు, క్యూట్ అనే మాట కూడా అక్యూట్‌లోంచే పుట్టిందని. వాడు ఊరికే బిల్డప్ ఇస్తున్నాడా?

పాత_నిఘంటువు | ఆదివారం, ఉదయం 9:44

బిల్డప్ కాదు నాయనా, నిజమే. ముందున్న అ ఊడిపోయింది. 1731 నాటికే నిఘంటువుకెక్కింది. అప్పట్లో క్యూట్ అంటే చురుకైనవాడు, గడుసువాడు అని. ముద్దొచ్చేది అనే అర్థం ఆ తర్వాత వంద ఏళ్ళకి అమెరికాలో తేలింది. మొదట్లో అక్షరం పోయిన గుర్తుగా ముందు ఓ చిన్న కొక్కెం కూడా పెట్టి రాసేవాళ్ళు.

మన దగ్గరా పసివాణ్ణి చూసి "ఎంత గడుసువాడో" అని మురిసిపోతాంగా, అదే దారి.

పెరంబూరు_పిల్లోడు | ఆదివారం, ఉదయం 9:47

అయితే నాయనకి వచ్చింది క్యూట్ గ్యాస్ట్రైటిస్.

వేళచ్చేరి_వేణు | ఆదివారం, ఉదయం 9:55

ఈ మాట ఆయనకి చెప్పాను. నవ్వితే కడుపులో నొప్పిగా ఉందట, తర్వాత తిట్టారు. నిన్ను కాదు, నన్ను.

ఆకుపసరు | ఆదివారం, ఉదయం 11:10

బోటనీ చెప్పినదాన్ని, నేనూ ఓ మాట వేస్తాను. మాకు ఈ కొసల గోల రోజూ ఉండేది. ఆకు కొస ఊరికే కోసుగా ముగిస్తే అక్యూట్. కొస ముందుకి సాగి సన్నగా తోకలా లాగితే అక్యూమినేట్. కొస మొద్దుగా ఉంటే ఆబ్ట్యూస్. చివర ముల్లులాంటి చిన్న పొడుపు ఉంటే మ్యూక్రోనేట్. పిల్లలు పరీక్షలో ఇవన్నీ కలగాపులగం చేసేవాళ్ళు.

అందుకని క్లాసుకి రెండాకులు తెచ్చేదాన్ని. రావాకు, మర్రాకు. రావాకు కొస చూడండి, ఆకు అయిపోయినా ఇంకా రెండంగుళాలు దారంలా వేలాడుతుంది. వాన పడ్డప్పుడు చెట్టు కింద నిలబడి చూస్తే నీళ్ళు ఆకు మీద నిలవవు, ఈనె వెంట జారి ఆ తోక చివర బొట్టు కట్టి టప్పున పడతాయి. డ్రిప్ టిప్ అంటారు దాన్ని. మర్రాకుది గుండ్రపు కొస, నీళ్ళు జారడానికి అట్లాంటి తోక లేదు. అడయారులో ఆ పెద్ద మర్రి కింద కూర్చుని పిల్లలకి ఇదే చెప్పాను ఒకసారి. 1989 గాలివానకి దాని మూలం మాను కూలిపోయింది, ఇప్పుడు ఊడలే మిగిలాయి. ఇది ఇక్కడ అనవసరమే, గుర్తొచ్చి రాశాను.

అన్నట్టు, అక్యూమినేట్‌కీ బుద్ధికుశలత అని మనం చెప్పుకునే అక్యుమెన్‌కీ మూలం ఒకటే, మొన.

పాత_నిఘంటువు | ఆదివారం, మధ్యాహ్నం 12:05

ఆకుపసరుగారూ, సరిగ్గా చోటు చూసి ఆకు వేశారు! అక్యుమెన్‌కి మన మాట కుశాగ్రబుద్ధి. దర్భ కొస లాంటి బుద్ధి. లాటిన్‌వాడు సూది దగ్గర ఆగాడు, మనవాడు గడ్డి దగ్గర ఆగాడు. దర్భ కోయడం ఎప్పుడైనా చేశారా? అంచు నెత్తురు తీస్తుంది. చెయ్యి తెగకుండా కుశలు కోసి తేగలిగినవాడే కుశలుడని పాత అలంకారికులు చెప్పే వ్యుత్పత్తి. ఇది భాషాశాస్త్రం ఒప్పుకునే లెక్క కాకపోవచ్చు గాని, "కుశలమా?" అని అడిగినప్పుడల్లా నాకు చేతులు చూసుకోవాలనిపిస్తుంది.

మృదంగం_మైలాపూర్ | ఆదివారం, సాయంత్రం 4:30

అందరూ ఇంగ్లీషు, గ్రీకు అంటున్నారు. సంస్కృతంలో అంకుశం ఉందిగా. ఏనుగుని గుచ్చేది. అక్యూట్ దాంట్లోంచే వచ్చిందని ఎక్కడో చదివాను. అంకుశం, అక్యూట్, వింటుంటేనే తెలియడం లేదూ?

పాత_నిఘంటువు | ఆదివారం, సాయంత్రం 5:15

విన్నప్పుడు కలిసినవన్నీ చుట్టాలైతే పెళ్ళిళ్ళు చెయ్యడం కష్టం బాబూ.

అంకుశం అక్యూట్‌కి చుట్టం కాదు. అది యాంగిల్ వైపు చుట్టం. అంక్ అంటే వంపు. అంకుశంలో ముఖ్యం మొన కాదు, కొక్కెం. ఇంగ్లీషులో గాలానికి యాంగిల్ అనే పాత మాట ఉంది, చేపలు పట్టేవాణ్ణి యాంగ్లర్ అనేది అందుకే. అది అదే వంపు. కోణం అనే అర్థంలో యాంగిల్ లాటిన్ అంగులుస్ నుంచి వచ్చింది, అదీ ఆ వంపుల ఇంటిదే. అంటే అక్యూట్ యాంగిల్ అన్నప్పుడు మొదటి మాట వాడి, రెండో మాట వంపు.

కానీ మీరు మృదంగం వాయిస్తారు కాబట్టి, మీకోసం అసలైన చుట్టం ఒకరు ఉన్నారు. చతురశ్రం.

అక్యూట్ వెనక, లాటిన్‌కీ సంస్కృతానికీ తల్లిలాంటి పూర్వ భాషలో, అక్ లాంటి ధాతువు ఉంది, వాడి అని దాని అర్థం. అది సంస్కృతానికొచ్చేసరికి క శ అయింది, అశ్రి అయింది. అశ్రి అంటే వాదర (కత్తి అంచు), మూల. నాలుగు అశ్రులున్నది చతురశ్రం. మూడున్నది త్ర్యశ్రం, అది నలిగి నలిగి తిశ్రం అయింది. నాట్యశాస్త్రంలో రంగశాలల ఆకారాలకీ ఇవే పేర్లు. తాళంలో మీ చతురశ్రజాతి, తిశ్రజాతి అన్నీ మూలల లెక్కలే. ఈ అశ్రికి లాటిన్ ఆకుస్ దాయాది. కనక వేణు కూతురి లెక్కల నోట్సులో చతురస్రం అని ఒక చోట, అక్యూట్ అని ఇంకో చోట ఉంటే, అవి ఎప్పుడో విడిపోయిన అన్నదమ్ముల బిడ్డలు. మనం శ పోగొట్టి స రాసుకోవడంతో పోలిక కొంత చెదిరింది.

మృదంగం_మైలాపూర్ | ఆదివారం, సాయంత్రం 5:40

ఏమండీ, ముప్ఫై ఏళ్ళుగా తకదిమి అంటే చతురశ్రం, తకిట అంటే తిశ్రం అని పిల్లలకి చెబుతున్నాను. ఇందులో మూలలున్నాయని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడే చేత్తో తొడ మీద వేసి చూశాను. నాలుగు దెబ్బలకి నాలుగు మూలలు, తిరిగి మొదటి మూలకి. అంకుశం వెనక్కి తీసుకుంటున్నాను.

స్టెతస్కోపు | ఆదివారం, రాత్రి 8:50

రోజంతా ఓపీ చూసుకుని వచ్చేసరికి జబ్బు తాళందాకా వెళ్ళింది! నేను మళ్ళీ కడుపు దగ్గరికి తెస్తాను.

నా గొడవ "తీవ్రమైన" అనే అనువాదంతో. క్రానిక్‌కి దీర్ఘకాలిక అని చక్కటి మాట ఉంది. ఎవరికీ తప్పుగా అర్థం కాదు. అక్యూట్‌కి మాత్రం తీవ్రం అని రాసేస్తున్నారు. మరి సివియర్‌కి ఏం రాయాలి? దానికీ తీవ్రమే. రెండూ ఒకే కాగితంలో వస్తే "తీవ్రమైన తీవ్ర" అని రాస్తారా? పేషెంట్లు ఫోన్ పట్టుకుని వణుకుతూ వస్తారు. కొందరిది తిరగేసిన ఇబ్బంది. క్రానిక్ అంటే ఏదో పాతదేలే అని మందులు మానేస్తారు.

నేనైతే ప్రిస్క్రిప్షన్ వెనక బొమ్మ వేస్తాను. అడ్డంగా రోజులు, నిలువుగా బాధ. అక్యూట్ అయితే గీత సూదిలా లేచి దిగుతుంది. క్రానిక్ అయితే పొలం గట్టులా పోతూనే ఉంటుంది, ఎక్కడో చిన్న మిట్ట, చిన్న పల్లం. క్రానిక్ మీద మధ్యలో సూది లేచిందనుకోండి, దాన్ని అక్యూట్ ఆన్ క్రానిక్ అంటాం. ఆస్తమావాళ్ళకి ఈ బొమ్మ చప్పున ఎక్కుతుంది. ఇది నేను చెప్పుకునే గుర్తు మాత్రమే, మాస్టారు కోప్పడకూడదు.

అనువాదిని | ఆదివారం, రాత్రి 9:20

డాక్టరుగారూ, ఈ తప్పులో నాకూ వాటా ఉంది. మందుల కంపెనీల కరపత్రాలు తెలుగులోకి చేసేదాన్ని. ఇచ్చిన పదపట్టికలో అక్యూట్ ఎదురుగా "తీవ్ర" అనే ఉండేది. మార్చితే ఎడిటర్ తిప్పి పంపేవారు. ఓసారి "హఠాత్తుగా వచ్చిన" అని రాస్తే, "రెండు అక్షరాల చోట ఇంత పొడుగా? పెట్టెలో పట్టదు" అన్నారు.

అసలు ఏం అనొచ్చో చెప్పండి. సద్యో అని మొదలుపెడితే ఎవరికీ అర్థం కాదు. తాజా అంటే కూరగాయల్లా ఉంటుంది. పల్లెల్లో "కొత్త నొప్పి, పాత నొప్పి" అంటారు, అది నాకు నచ్చుతుంది.

స్టెతస్కోపు | ఆదివారం, రాత్రి 9:33

కొత్త, పాత. అంతకన్నా ఏం కావాలి? "మీకు వచ్చింది కొత్త గ్యాస్ట్రైటిస్" అంటే ఎవరు వణుకుతారు?

పాత_నిఘంటువు | ఆదివారం, రాత్రి 9:50

కొత్తకి నా ఓటు. డాక్టరుగారి బొమ్మకీ కోపం లేదు. ఆ మాటలో సూది ఎటూ ఉంది కదా.

తీవ్రం మీద అంత పగ కూడా వద్దు. హిందుస్తానీవాళ్ళు తీవ్ర మధ్యమం అంటారు, మన ప్రతి మధ్యమం. ఇంగ్లీషువాళ్ళు ఆ పెంచిన స్వరాన్ని షార్ప్ అంటారు. పెరిగిన శ్రుతి చెవిని గుచ్చుతుంది అన్నది అందరికీ తోచింది. తప్పు మాటది కాదు, దాన్ని జబ్బు పక్కన పెట్టినవాళ్ళది.

పెరంబూరు_పిల్లోడు | సోమవారం, ఉదయం 7:15

రైల్లో చదువుతా ఉన్నా. మాస్టారూ, ఈ సూది ఇంకా ఎక్కడెక్కడ గుచ్చిందో చెప్పండి. బేసిన్ బ్రిడ్జి దగ్గర బండి ఆపేశాడు, టైముంది.

పాత_నిఘంటువు | సోమవారం, ఉదయం 7:32

బండి కదిలేలోపు నాలుగు చెబుతాను, పట్టుకో.

ఆక్యుపంక్చర్‌లో మొదటి సగం సూది, రెండో సగం పొడవడం. మీ బండి టైరుకి అయ్యేదీ ఆ రెండో సగమే. ఎడ్జ్ అదే కుదురు. ఇంగ్లీషులో వరి వెన్నుని ఇయర్ అంటారు చూడు, అది చెవి కాదు, గుచ్చుకునే వెన్ను, అదే కుదురు. మొటిమల్ని యాక్నీ అంటారు కదా, అది అక్మే అంటే శిఖరం అనే గ్రీకు మాటని ఎవరో లేఖకుడు తప్పుగా రాస్తే పుట్టింది. ఆక్రోబాట్ అంటే కొసల మీద నడిచేవాడు, మన మాటల్లో మునివేళ్ళ మీద నడిచేవాడు. మునివేళ్ళలో ఋషి ఎవరూ లేరు, ముని అంటే కొస. మునిపంట పెదవి నొక్కడంలోనూ అదే.

ఇక ఆక్సిజన్. అది కాస్త నిలబడి చెప్పాల్సింది. గ్రీకు ఆక్సుస్‌కి పులుపు అనే అర్థం కూడా ఉంది. నాలుక మీద గుచ్చుకునేది పులుపు. యాసిడ్ అన్నా అదే కథ. ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజర్ 1777లో ఈ వాయువు లేకుండా ఆమ్లమే లేదనుకుని, ఆమ్లాన్ని పుట్టించేది అని దానికా పేరు పెట్టాడు. తర్వాత ఇంగ్లీషు శాస్త్రవేత్త డేవీ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని తేల్చాడు. అప్పటికే పేరు అతుక్కుపోయింది. మనవాళ్ళు దాన్ని తు.చ. తప్పకుండా తెలుగు చేసి ఆమ్లజని అన్నారు. లావోయిజర్ పొరపాటుని మనమూ భద్రంగా దాచుకున్నాం! ప్రాణవాయువు అన్నవాళ్ళు బతికిపోయారు.

ఆకుపసరు | సోమవారం, ఉదయం 8:10

చింతచిగురు పప్పు తిని "నాలుక కోసుకుపోయింది" అంటాం. గ్రీకు చదువుకోకుండానే తెలిసిపోయింది మనకి.

మృదంగం_మైలాపూర్ | సోమవారం, ఉదయం 10:25

అంకుశంతో ఒకసారి బోర్లా పడ్డాను కాబట్టి భయంగా ఉంది. అయినా అడుగుతాను. కేంద్రం, సెంటర్ ఒకటేనా? వింటే ఒకలానే ఉన్నాయి. మా తమ్ముడు జాతకాలు చూస్తాడు, కేంద్ర స్థానాలు అంటుంటాడు.

పాత_నిఘంటువు | సోమవారం, ఉదయం 11:00

ఈసారి నిలబడ్డారు. ఒకటే. గ్రీకులో కెంట్రాన్. గుచ్చేది అని అర్థం, ఎద్దుల్ని పొడిచే ముల్లుకర్ర. వృత్తం గీసేటప్పుడు వృత్తలేఖిని ముల్లు గుచ్చే చోటుకి ఆ పేరొచ్చింది. గ్రీకు జ్యోతిషంతో పాటు సంస్కృతంలోకి కేంద్రంగా దిగింది, హోర (గంట) అనే మాట దిగినట్టే. వరాహమిహిరుడి నాటికి, అంటే 6వ శతాబ్దానికి, బాగా వాడుకలో ఉంది. అటు లాటిన్ మీదుగా ఇంగ్లీషులో సెంటర్ అయింది. సెంట్రల్ స్టేషన్‌లో దిగేవాళ్ళందరూ ముల్లుకర్ర మీద దిగుతున్నట్టే.

ఇది అక్యూట్ కుదురు కాదు, వేరే కుటుంబం. కానీ మొనల ఊరిదే.

అనువాదిని | సోమవారం, మధ్యాహ్నం 1:40

మాస్టారూ, మన అచ్చ తెలుగు మొన, ముల్లు? అవీ వీటికి చుట్టాలేనా?

పాత_నిఘంటువు | సోమవారం, మధ్యాహ్నం 2:15

కాదమ్మా. మొనకి తమిళ మునై, ముల్లుకి తమిళ ముళ్. ఆ కుటుంబమే వేరు. ఈ ఊళ్ళోనే, సెయింట్ జార్జి కోటలో పనిచేసిన ఎల్లిస్ దొర 1816లో ఆ సంగతి రాశాడు, తెలుగు సంస్కృతంలోంచి పుట్టింది కాదని, తమిళ కన్నడాల తోడబుట్టిందని.

సాన మాత్రం చుట్టమే, అయితే సంస్కృతం దారిన. పదును పెట్టడం అనే ధాతువు ఒకటి ఉంది. దాంట్లోంచి నిశితం వచ్చింది, శాణం వచ్చింది. శాణం మనకి సాన అయింది, తమిళులకి సాణై అయింది. ఇంగ్లీషులో పదును పెట్టే రాయిని హోన్ అంటారు, అదీ ఆ కుదురే. మా తిరువల్లిక్కేణి వీధిలో సైకిలు స్టాండు వేసి పెడలు తొక్కుతూ "కత్తి సాణై పిడిక్కిరదే..." అని అరిచే పెద్దాయన ఉన్నాడు. చక్రం మీద కత్తి ఆనించగానే నిప్పురవ్వలు ఆయన లుంగీ మీద పడతాయి, ఆయన చూడనైనా చూడడు. పదును చూడటానికి బొటనవేలు వాదరకి అడ్డంగా పెట్టి లాగుతాడు. నిలువుగా పెడితే వేలు ఉండదు. పోయిన నెల మా ఆవిడ కత్తిపీట పట్టుకెళ్ళి ఆయనతో, "మీరు పట్టేది శాణం, సంస్కృతం" అన్నాను. "ఇరవై రూపాయలు సార్" అన్నాడు.

వేళచ్చేరి_వేణు | గురువారం, రాత్రి 8:20

అందరికీ ఒక మాట. ఇవాళ నాన్నని మళ్ళీ చూపించాం. నొప్పి తగ్గింది, ఇంకో వారం మందు వాడమన్నారు. కారం మానేయమన్నారు, అక్కడే గొడవ. ఈసారి నేనే అడిగాను, "అక్యూట్ అంటే కొత్తగా వచ్చిందనే కదండీ?" అని. ఆ డాక్టరు తలెత్తి, "మీకెట్లా తెలుసు?" అన్నాడు.

పాప మాస్టారు చెప్పినట్టే అట్టముక్కలు కత్తిరించింది. నలభై డిగ్రీల మూల తాత అరచేతిలో గుచ్చి, "తాతా, ఇది అక్యూట్" అంది. తర్వాత మొద్దుది పెట్టి, "ఇది ఆబ్ట్యూస్, నాన్న" అంది. ఆ రెండో మాట నాకు కాస్త ఆలస్యంగా తగిలింది.

పెరంబూరు_పిల్లోడు | గురువారం, రాత్రి 8:31

పాప క్యూట్ అన్నా, 1731 నాటి లెక్కలో.

మాస్టారూ, ఆ సాణై పెద్దాయన పెరంబూరు వైపు వస్తాడా? మా అమ్మ కత్తిపీట టమాటా కూడా కోయడం లేదు.

పాత_నిఘంటువు | శుక్రవారం, ఉదయం 6:05

రాడు నాయనా, మోకాళ్ళ నొప్పులు, క్రానిక్. కత్తిపీట గుడ్డలో చుట్టుకుని నువ్వే రా. మంగళవారం పొద్దున పదింటికి పార్థసారథి కోవెల వీధి మొదట్లో ఉంటాడు. రైల్లో జాగ్రత్త.